చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను

ఏలూరు పేరుతో కొత్త జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది, వేసవి సెలవులు అయి కోర్టులు తెరిచిన జూన్ నెలలో, నేను ఆ వైపు ఒక సెషన్స్ కోర్టులో గ్రేడ్-టూ స్టెనోగ్రాఫరుగా ఉన్నాను. ఏ కోర్టో చెప్పను. అక్కడ పనిచేసినవాళ్ళలో కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు, వాళ్ళ తప్పేమీ లేదు. మా ఇల్లు తాడేపల్లిగూడెం. రోజూ పొద్దున్న పాసింజరుకి ఏలూరు వెళ్ళి, సాయంత్రం పాసింజరుకి తిరిగి వచ్చేదాన్ని. రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది. స్టెనో పని జడ్జిగారి తీర్పులూ ఉత్తర్వులూ రాసుకుని టైపు చేయడం. కానీ మా కోర్టులో టైపిస్టు పోస్టు చాలాకాలంగా ఖాళీ, అందువల్ల సాక్షుల డిపోజిషన్లు కూడా నా నెత్తినే పడ్డాయి.

డిపోజిషన్ అంటే బోనెక్కిన సాక్షి చెప్పిన మాటలకు రాతరూపం. సినిమాల్లో చూపించినట్టు సాక్షి మాట్లాడుతుంటే ఎవరో పక్కన కూర్చుని ప్రతి మాటా దింపెయ్యరు. ముందు ప్రాసిక్యూటరు ప్రశ్న అడుగుతాడు. సాక్షి తన భాషలో జవాబు చెబుతాడు. జడ్జిగారు దాన్ని విని, రికార్డు భాషలోకి మార్చి డిక్టేట్ చేస్తారు. మేము టైపు చేస్తాం. తర్వాత ముద్దాయి తరఫు లాయరు అడ్డప్రశ్నలు వేస్తాడు, అవీ అలాగే ఎక్కుతాయి. అంతా అయ్యాక ప్రింటు తీసి, ముద్దాయీ అతని లాయరూ వినేలా సాక్షికి చదివి వినిపించాలి. ఏదైనా తప్పుపడిందని సాక్షి అంటే జడ్జిగారు ఆ అభ్యంతరాన్ని కింద నమోదు చేస్తారు. సరిగానే ఉందంటే సాక్షి ప్రతి పేజీలోనూ సంతకమో వేలిముద్రో వేస్తాడు, జడ్జిగారు సంతకం చేస్తారు. ఆ క్షణం నుంచి ఆ కాగితమే సాక్ష్యం, నోటితో చెప్పింది కాదు.

ఆ చివర ఒక వాక్యం ఉంటుంది: ‘చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను.’ ఈ వాక్యం లేని డిపోజిషన్ నేను నా సర్వీసులో చూడలేదు. నిజంగా చదివి వినిపించిన డిపోజిషన్లు మాత్రం తక్కువే చూశాను. చదువొచ్చిన సాక్షి అయితే కాగితం చేతికిస్తాం, చూసుకుని సంతకం పెడతాడు. చదువు రాని సాక్షికి ఎవరో ఒకరు చదవాలి. రోజుకి నలుగురైదుగురు సాక్షులు, బయట వరండా నిండా జనం, పైగా టైము. ఎవరు చదువుతారు? పై నుంచి కిందిదాకా అందరికీ తెలిసిన సంగతే ఇది, ఎవరూ పైకి అనరు. నేనైతే ఆ వాక్యాన్ని వేళ్ళతో కొట్టడం కూడా మానేశాను. ఒక కీ నొక్కితే మొత్తం వాక్యం పడేలా పెట్టించుకున్నాను.

టైపు నేను గూడెంలోనే నేర్చుకున్నాను, స్టేషను రోడ్డులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో. మా మాస్టారు కీల మీద అట్టపెట్టె బోర్లించి, దాని కిందనుంచి చేతులు పెట్టి కొట్టమనేవారు. కళ్ళు ఎప్పుడూ పక్కనున్న కాగితం మీదే. వేళ్ళ వైపు చూస్తే స్కేలుతో వేసేవారు, మిషను మీద పడిన అక్షరం వైపు చూసినా వేసేవారు. అలా లోయరూ హయ్యరూ టైపు పరీక్షలు పాసయ్యాను. కోర్టులో కంప్యూటర్లు వచ్చాక కూడా నా చూపు జడ్జిగారి నోటి మీదే ఉండేది. తప్పులు పడేవి కావు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నాకు ఆ గొప్ప ఉండేదన్నది కూడా నిజమే.

కోర్టు తెరిచిన రెండో వారం, శుక్రవారం సాయంత్రం, మేము టైపు చేసే ఎడిటర్‌కి పై నుంచి అప్‌డేట్ వచ్చింది. సోమవారం పొద్దున్న మిషన్ తెరిచి టైపు మొదలుపెడితే స్క్రీన్ మీద ఏమీ పడలేదు. రెండు మూడు క్షణాలయ్యాక ఒక్కసారిగా సగం వాక్యం ఊడిపడింది. అందులో కొన్ని అక్షరాల చోట ఖాళీ డబ్బాలు. గుణింతాలు అక్షరాన్ని విడిచి పక్కన నిలబడ్డాయి. నాకు ఒళ్ళు మండింది. నాలుగు కోర్టులకి కలిపి ఒక్కడే సిస్టమ్స్ మనిషి, ప్రసాద్ గారని, కాంట్రాక్టు ఉద్యోగి, నాకంటే పదేళ్ళు చిన్న. ఆయన వచ్చి నా భుజం మీదనుంచి చూసి, “కొత్త అప్‌డేట్ కదండీ మేడమ్ గారూ, స్క్రీన్ కొంచెం అలిగిందండి” అన్నాడు. ప్రింటు తీసి చూశాం. ప్రింటులో ఒక్క అక్షరం తేడా లేదు.

“చూశారాండీ? లోపల ఫైలు కరెక్టుగానే ఉంది. చూపించడమే తప్పు చూపిస్తోంది. మీరు స్క్రీన్ వంక చూడకండి, కొట్టుకుంటూ పోండి. పైకి మెయిల్ పెడతాను” అన్నాడు.

“నాకు స్క్రీన్ ఎందుకండీ? గుడ్డి మిషను మీద కూడా కొడతాను” అన్నాను నేను. బెంచి క్లర్కూ, అటెండరూ, అక్కడ నిలబడిన ఇద్దరు లాయర్లూ వినేలాగే అన్నాను.

ఆ వారమే ఆ హత్య కేసు విచారణకి వచ్చింది. కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చిన కేసు. చనిపోయినవాడు ఏడుకొండలు, చేపల చెరువు కాపలాదారు. అభయారణ్యం హద్దులో కొత్తగా గట్టు వేస్తున్నారని ఫారెస్టు వాళ్ళకి చెప్పాడనే కక్షతో చెరువు లీజుదారు, అతని మనుషులు ఇద్దరు కలిసి కొట్టి చంపారని ఆరోపణ. చూసినవాళ్ళు ముగ్గురు. అందులో ఇద్దరు తోటి కాపలాదార్లు. వాళ్ళు బోనెక్కి తమకేమీ తెలియదన్నారు. ఇలా ఎదురుతిరిగిన సాక్షిని హోస్టైల్ అంటాం, మా దగ్గర అది వింతేమీ కాదు. మిగిలింది చనిపోయినవాడి తల్లి ముత్యాలమ్మ. కేసంతా ఆవిడ నోటి మీద నిలబడింది. ప్రాసిక్యూటరు రామ్మోహనరావు గారు ఆ పొద్దున్న నాతోనే అన్నారు, “ఈవిడ గట్టిగా నిలబడితే చాలండీ, కరుణమ్మ గారూ. ఇంకెవరూ అక్కర్లేదు” అని.

ఆవిడ గట్టిగానే నిలబడింది. అరవై దాటిన మనిషి, సన్నగా, నల్లగా, జుట్టు బిగించి ముడేసుకుని. ఊతానికి బోను కమ్మీ కూడా పట్టుకోలేదు. లంచ్ తర్వాత మూడింటికి మొదలైంది. ఏం జరిగిందో చెప్పమంటే చెప్పింది.

“తెల్లారాక అన్నం కేరియరు పట్టుకుని చెరువు కాడికి ఎళ్ళానండి. గట్టు మలుపు తిరిగేసరికి ఇదిగోండి, ఈ బాబు” అని మొదటి ముద్దాయి వైపు వేలు చాచింది, “గెడతో మావోడి నెత్తి మీద కొట్టాడండి. ఆళ్ళిద్దరూ చెరో చెయ్యీ ఒడిసి పట్టుకున్నారండి. పట్టేసుకుంటే ఎలా తప్పించుకుంటాడండి, మీరే చెప్పండి. ఆడి చెప్పులు నీళ్ళల్లో తేలతన్నాయండి.”

గెడ అంటే కొల్లేట్లో పడవ తోసే పొడుగాటి వెదురు కర్ర. కేరియరు తీసుకుని చెరువు దగ్గరికి వెళ్ళిందన్నది ముందే ఒక వాక్యంగా ఎక్కింది. ఆ తర్వాతి మాటల్ని జడ్జిగారు నాలుగు వాక్యాలు చేశారు. గట్టు మలుపు వద్దకు వెళ్ళునప్పటికి మొదటి ముద్దాయి గెడతో నా కొడుకు తలపై కొట్టుట చూచితిని. రెండు, మూడు ముద్దాయిలు అతని చేతులు పట్టుకొనియుండిరి. అప్పటికి బాగుగా వెలుగు వచ్చియున్నది. నా కొడుకు చెప్పులు నీటిలో తేలుచుండెను. అంతా కొట్టేశాను. అప్పుడు ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఆ చెప్పుల వాక్యం అనవసరం, తీసేయండి అన్నారు.

చెరపడానికి కూడా నేనొక కీ పెట్టించుకున్నాను. ఒకసారి నొక్కితే వెనక ఫుల్‌స్టాప్ దాకా, అంటే ఒక వాక్యం, పోతుంది. నొక్కాను. చెరిపేటప్పుడు ఎవరైనా స్క్రీన్ చూడాల్సిందే, అంచేత చూశాను. వాక్యం కదలలేదు. మళ్ళీ నొక్కాను. కదలలేదు. మూడోసారి నొక్కాను. జడ్జిగారు “అయిందా?” అన్నారు. నాలుగోసారి నొక్కేసరికి చెప్పుల వాక్యం మాయమైంది. దాని ముందున్న మూడు వాక్యాలూ స్క్రీన్ మీద అలాగే ఉన్నాయి. “అయిందండీ” అన్నాను.

లోపల ఫైలులో నాలుగు వాక్యాలూ పోయాయి. స్క్రీన్ మాత్రం ఒకటే పోయినట్టు చూపించింది. చూపించడమే తప్పు చూపిస్తోందని సోమవారమే ప్రసాద్ గారు చెప్పాడు. నేను విన్నాను, తలూపాను. అయినా ఆ నాలుగు నొక్కుళ్ళ దగ్గర స్క్రీన్‌నే నమ్మాను. జడ్జిగారు తర్వాతి వాక్యం చెప్పారు: నేను కేకలు వేయుచు వెళ్ళగా నా కొడుకు గట్టు మీద పడియుండెను. అది వెళ్ళి, ముత్యాలమ్మ కేరియరు తీసుకుని చెరువు దగ్గరికి వెళ్ళిందన్న వాక్యానికి అతుక్కుంది. చదివినవాడికి మధ్యలో ఏదో పోయిందని అనుమానం కూడా రాదు. కొడుకు చచ్చి పడున్నాక వెళ్ళిన తల్లి, అంతే.

అడ్డప్రశ్నలు అయ్యేసరికి అయిదు దాటింది. ముద్దాయిల లాయరు అడగాల్సినవి అడిగేసి, జూనియరుని కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. నాలుగు పేజీలు ప్రింటు తీశాను. బెంచి క్లర్కు తొందరపెడుతున్నాడు. ముత్యాలమ్మకి లంకకి వెళ్ళే బస్సు పోతుందని ఆవిడ తమ్ముడు గుమ్మంలో నిలబడి గింజుకుంటున్నాడు. నా పాసింజరు అయిదు నలభైకి. అది తప్పితే తర్వాత బండికి ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. చదువుదామా వద్దా అని నేను ఆలోచించనైనా ఆలోచించలేదు. చివరి పేజీ కింద ఆ వాక్యం ఎప్పుడో పడే ఉంది, కీ నొక్కేశాను కదా. స్టాంపు ప్యాడు తెరిచి ఆవిడ ముందుకి తోశాను.

ఆవిడ వేలు ముందుకి పెట్టి, ఆపింది. నా మొహంలోకి చూసింది.

“అమ్మగారండీ, నేను చెప్పిందంతా ఇందులోకి వచ్చిందాండీ?” అని అడిగింది.

“వచ్చిందమ్మా. అంతా వచ్చింది. వేలు పెట్టండి” అన్నాను.

నాలుగు పేజీలకి నాలుగు ముద్రలు వేసి, వేలి సిరా తల్లో తుడుచుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్ళింది. జడ్జిగారు నాలుగు సంతకాలు చేశారు. నేను హ్యాండుబ్యాగు పట్టుకుని స్టేషనుకి పరుగెత్తాను.

పది రోజుల తర్వాత ఇంకో అప్‌డేట్ వచ్చి స్క్రీన్ మామూలు అయింది. జూలైలో జడ్జిగారికి బదిలీ అయి వేరే జిల్లాకి వెళ్ళారు. ఆయనకి చేత్తో విడిగా నోట్సు రాసుకునే అలవాటు లేదు. కొత్త జడ్జిగారు వచ్చారు. మిగిలిన సాక్షులు, డాక్టరు, పోలీసు అధికారి, అందరూ అయ్యారు. దసరా సెలవులయ్యాక ఆ కేసు వాదనలకి వచ్చింది. వాదనకి ముందు రోజు రామ్మోహనరావు గారు డిపోజిషన్ కాపీ పట్టుకుని నా గదిలోకి వచ్చారు. ఆయన ఎప్పుడూ గుమ్మంలోనుంచే ఏదో ఒక వేళాకోళం ఆడుతూ వచ్చేవారు. ఆ రోజు తలుపు దగ్గరగా వేసి మరీ కూర్చున్నారు.

“కరుణమ్మ గారూ, ఈవిడ ముద్దాయిని వేలు పెట్టి చూపించిందాండీ లేదా?”

“చూపించిందండీ.”

“నేనూ చూశానండీ. ఇందులో ఏదండీ మరి?”

కాపీ తీసుకుని చదివాను. ఒకసారి, రెండోసారి. మిషన్‌లో ఫైలు తెరిచి చూశాను. అందులోనూ అదే. కేరియరు తీసుకుని వెళ్ళింది, కొడుకు పడి ఉన్నాడు. నా వేలు ఆ కీ మీద నాలుగుసార్లు పడడం అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకి అక్కడే చెప్పేశాను. కాపీ తను కూడా అప్పుడే చదివి ఉండాల్సిందని, చూసుకోలేదని మాత్రం అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

బయటివాళ్ళు అడుగుతారు, అందరూ విన్నారు కదా, అప్పుడే సరిచేసుకోవచ్చు కదా అని. కుదరదు. వేలిముద్రా సంతకమూ పడ్డ కాగితాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ అధికారం లేదు. పోలీసుల ముందు ఆవిడ ఇచ్చిన వాంగ్మూలంలో అంతా ఉంది, కానీ పోలీసుల ముందు చెప్పింది సాక్ష్యం కాదు. అడ్డప్రశ్నల్లో ‘నేను సంఘటన చూడలేదనుట నిజము కాదు’ అన్న వాక్యం ఒకటి మిగిలింది. అది లాయరు వేసిన సూచనని కాదనడమే, చూశానని చెప్పడం కాదు. మిగిలిన దారి ఒక్కటే, సాక్షిని మళ్ళీ పిలవడం. రామ్మోహనరావు గారు ఆ పిటిషన్ వేశారు. కొత్త జడ్జిగారు అనుమతి ఇచ్చారు.

ఈలోగా బెంచి క్లర్కు నాకు ఒక దారి చూపించాడు. అప్‌డేట్ వల్ల అలా అయిందని ఒక రిపోర్టు రాసి, ప్రసాద్ గారు పైకి పెట్టిన మెయిల్ దానికి జతచేసేయమన్నాడు. “మీ మీదకి రాదండీ. మిషను తప్పు మీకేంటి?” అన్నాడు. మంచికే చెప్పాడు. కానీ ఆ రిపోర్టు చదివిన ఏ జడ్జి అయినా అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. మూడు వాక్యాలు పోయిన కాగితం చదివి వినిపిస్తే సాక్షి సరియని ఎలా ఒప్పుకుంది? చదవలేదని ఒప్పుకుంటే నేను పెట్టిన ఆ వాక్యం అబద్ధం. ఆ ఒక్క కాగితం మీదే కాదు. నేను రెండు రోజులు ఆగాను. రెండు రోజులూ ఆ రిపోర్టు నా మిషన్‌లో సగం టైపు చేసి ఉంది. ఇది కూడా చెప్పాలి.

మూడో రోజు సమన్లు పట్టుకెళ్ళిన కానిస్టేబులు తిరిగొచ్చాడు. ముత్యాలమ్మకి వినాయక చవితి ముందే పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. తెలివి మాత్రం ఉందని, చెప్పింది అర్థమవుతుందని ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చారు. మాట రాని సాక్షి సైగలతో సాక్ష్యం ఇవ్వవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. జడ్జిగారు తీసుకురమ్మన్నారు.

ఆటోలో తెచ్చి, ఆవిడ తమ్ముడూ కానిస్టేబులూ చెరో పక్కా పట్టుకుని, బోను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ముద్దాయిలు ముగ్గురూ వెనక నిలబడ్డారు. జడ్జిగారు నెమ్మదిగా, అర్థమవుతోందా అమ్మా అని అడిగారు. తలూపింది. చెప్పమంటే నోరు కదిలింది, చెంప లాక్కుపోయింది, గొంతులోంచి ఏదో వచ్చింది గానీ మాట కాదు. రామ్మోహనరావు గారు దగ్గరికి వెళ్ళి వంగి, “మీ అబ్బాయిని ఎవరు కొట్టారో చెయ్యెత్తి చూపించండమ్మా” అన్నారు.

ఎడమ చెయ్యి లేచింది. అది ముద్దాయిల వైపు వెళ్ళలేదు. తిరిగి తిరిగి నా బల్ల వైపు వచ్చి ఆగింది. వేలు నన్నే చూపిస్తోంది.

రామ్మోహనరావు గారు ప్రశ్న మళ్ళీ అడిగారు. మళ్ళీ నన్నే చూపించింది. ఈసారి వేలు బల్ల మీది మిషన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి. ఆవిడ ఏమంటోందో ఆ హాల్లో ప్రతివాడికీ తెలుసు. ఇదంతా నేను ఆవిడకి ఎప్పుడో చెప్పాను, అంతా వచ్చిందని ఆవిడే అంది, ఆవిడ్ని అడగండి అంటోంది. ముద్దాయిల లాయరు లేచి, సాక్షి చూపించింది చూపించినట్టు నమోదు చేయమని కోరారు. ఆయన పని ఆయన చేశారు. జడ్జిగారు డిక్టేట్ చేశారు: కొట్టినవారిని చూపమని అడుగగా సాక్షి కోర్టు స్టెనోగ్రాఫరు వైపు చేయి చూపెను. నేను టైపు చేశాను. మూడోసారి అడిగేసరికి చెయ్యి ఒళ్ళో పడిపోయింది, ఇక లేవలేదు.

ప్రింటు తీశాను. ఒకటిన్నర పేజీ. ఆ రోజు లేచి నిలబడి, మొదటి నుంచి చివరిదాకా బిగ్గరగా చదివి వినిపించాను. ‘స్టెనోగ్రాఫరు వైపు’ అన్నచోట ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదలుపెట్టి చదివాను. ఆవిడ విన్నంతసేపూ నన్నే చూసింది. సరేనా అమ్మా అని అడిగితే కళ్ళు మూసి తెరిచింది. వేలు నేనే పట్టుకుని ముద్ర వేయించాను. ఎడమ బొటనవేలి సిరా ఆవిడ తల్లో తుడుచుకోలేదు. అలిసిపోయిన ఆ చెయ్యి అక్కడిదాకా లేవలేదు. నా చీర కొంగుతో తుడిచాను. నాకప్పుడు ఏడుపొచ్చింది, ఏడవలేదు, ఏడిచే హక్కు నాది కాదనిపించింది.

ఆవిడని తీసుకువెళ్ళాక నేను జడ్జిగారి వైపు తిరిగి, నాకొక విషయం చెప్పుకోవాలని విన్నవించాను. ఛాంబరులో కాదండీ, ఇక్కడే అన్నాను. ఆయన పక్క కోర్టు నుంచి టైపిస్టుని పిలిపించి, నన్ను కోర్టు సాక్షిగా బోనెక్కించారు. ఆ బోనుకి ఇటువైపు నుంచి నేనెప్పుడూ హాలు చూడలేదు. ప్రమాణం చేసి, నాలుగు నొక్కుళ్ళూ, స్క్రీనూ, చెప్పుల వాక్యం, ముత్యాలమ్మ అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు, అన్నీ చెప్పాను. ముద్దాయిల లాయరు ఎక్కువ అడగలేదు.

“మీ సర్వీసులో ఈ వాక్యం టైపు చేసి, చదివి వినిపించని డిపోజిషన్లు ఎన్ని ఉంటాయండీ?”

“లెక్క లేదండీ.”

“చదివినవి ఎక్కువా, చదవనివి ఎక్కువా?”

“చదవనివే ఎక్కువండీ.”

“అలాంటప్పుడు ఆవిడ ఏం చెప్పిందో మీకు గుర్తుందంటే ఈ కోర్టు నమ్మాలంటారా?”

దీనికి నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను. ఆ మాట కూడా టైపు అయింది.

డిసెంబరులో తీర్పు వచ్చింది. సంశయలాభం కింద ముగ్గురినీ విడుదల చేశారు. సంశయలాభం అంటే నేరం చేయలేదని కాదు, చేశారని రుజువు కాలేదని. సాక్షి మాటకు బదులు స్టెనోగ్రాఫరు జ్ఞాపకాన్ని నిలబెట్టడానికి చట్టంలో చోటు లేదని జడ్జిగారు రాశారు. ఆ తీర్పు ఆయన డిక్టేట్ చేస్తే షార్ట్‌హ్యాండులో రాసుకుని టైపు చేసింది నేనే. వేరేవాళ్ళని పెట్టమని అడగాలనిపించింది, అడగలేదు. ముద్దాయిలు బయట మెట్ల మీద దండలు వేసుకున్నారు. కిటికీలోంచి కనిపించింది.

నాకు చార్జి మెమో వచ్చింది, విచారణ జరిగింది, సెన్స్యూర్ అయింది. సెన్స్యూర్ అంటే సర్వీసు పుస్తకంలో మందలింపు రాయడం. చాలా తక్కువ శిక్ష. అంతకంటే కష్టమైంది తోటి ఉద్యోగుల మౌనం. నా వాంగ్మూలం కాపీ పట్టుకుని రెండు మూడు పాత కేసుల్లో లాయర్లు డిపోజిషన్ల మీద అభ్యంతరాలు లేవదీశారు. అందరూ చేసేదాన్ని నేను ఒక్కదాన్నే బోనెక్కి చెప్పానని చాలామంది మొహం తిప్పుకున్నారు. వాళ్ళని తప్పుపట్టను. ఇరవై ఏళ్ళు నేనూ వాళ్ళలో ఒకదాన్నే. ప్రభుత్వం అప్పీలు వేసింది. అది విచారణకి రాకముందే, మరుసటి వేసవిలో ముత్యాలమ్మ చనిపోయిందని రామ్మోహనరావు గారు ఫోను చేసి చెప్పారు. లంకకి వెళ్ళి ఒకసారి చూసి రావాలని అంతకుముందు చాలాసార్లు అనుకున్నాను. వెళ్ళలేదు. ఏం మొహం పెట్టుకుని వెళ్తాను?

ఈ సంగతి విన్నవాళ్ళు ఇప్పటికీ ఆ అప్‌డేట్‌నే తిడతారు. నేను తిట్టను. మిషన్లు చెడతాయి, స్క్రీన్లు తప్పు చూపిస్తాయి, టైపిస్టు వేలు జారుతుంది. అది తెలిసే పాతకాలంవాళ్ళు ప్రింటుకీ వేలిముద్రకీ మధ్య చదివి వినిపించడమనే పని పెట్టారు. తప్పు ఎలా పడ్డా అక్కడ దొరికిపోవాలి. ఆ పనికి బదులు నేనొక కీ పెట్టించుకున్నాను. తీర్పు వచ్చిన మర్నాడు ప్రసాద్ గారిని పిలిచి ఆ కీ తీయించేశాను. మిగిలిన ఎనిమిది నెలల సర్వీసులో ప్రతి డిపోజిషనూ చదివాకే ఆ వాక్యం వేళ్ళతో కొట్టాను. ఆ ఎనిమిది నెలల్లో సాక్షులు చదువుతుండగా ఆపి, “అలా అనలేదండీ” అన్న సందర్భాలు చాలా ఉన్నాయి. ముందటి ఇరవై ఏళ్ళలో ఎన్ని ఉండేవో నేను ఆలోచించను.

నాలుగు పేజీలు చదవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూశాను. నెమ్మదిగా చదివితే ఎనిమిది నిమిషాలు. ముత్యాలమ్మ ఆ నాలుగు పేజీల మీద వేలిముద్ర వేసిన రోజున నేను ఆయాసపడుతూ ఏలూరు ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేసరికి బండి రాలేదు. బెంచీ మీద కూర్చుని, టీ తాగి, వారపత్రిక తిరగేశాను. ఆ సాయంత్రం నా పాసింజరు ముప్పావు గంట లేటు.